భయపడాల్సింది ఏప్రిల్‌కా, సెప్టెంబరుకా?

(సంవాదం)

ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ అనగానే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేవి త్యాగరాజ ఆరాధనోత్సవాలు. ఆ ఊరివాళ్లకు మాత్రం ఏప్రిల్ నెల అంటే అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్. కాలేజీ ఆట ముగించుకున్న కుర్రాళ్లను 32 ప్రొఫెషనల్ టీములు వంతులవారీగా పంచుకునే మూడు రోజుల కార్యక్రమం అది. ఐపీఎల్ వేలంలో లాగా ఇక్కడ డబ్బు పాట ఉండదు. నిరుడు అందరికంటే ఎక్కువగా ఓడిన టీముకు మొదటి వంతు, ఛాంపియన్‌కు ఆఖరి వంతు. అలా ఏడు రౌండ్లు సాగుతుంది. ఏ టీమైనా తన వంతును ఇంకో టీముకు ఇచ్చి, బదులుగా వేరే వంతులు పుచ్చుకోవచ్చు. బలహీనమైన టీము కోలుకోవాలనే ఉద్దేశంతో 1936లో మొదలైన పద్ధతి ఇది. ఎన్ని మంచి వంతులు చేతికొచ్చినా కోలుకోని టీముగా పేరుపడింది క్లీవ్‌లాండ్ బ్రౌన్స్.

మాట్లాడుకుంటున్నది ఇద్దరు. 1990ల మొదట్లో వచ్చి క్లీవ్‌లాండ్ పక్కనున్న పార్మాలో స్థిరపడ్డ మేనమామ ఒకరు. అక్కడే పుట్టి పెరిగి, గణాంకశాస్త్రం చదువుకున్న మేనకోడలు ఇంకొకరు. 2025 డ్రాఫ్ట్ ముగిసిన వారం అది.

మావయ్య: చూశావా అమ్మాయ్, ఏం చేశారో? నిరుడు పదిహేడు ఆటల్లో మూడే గెలిచాం. ఆ పుణ్యమా అని రెండో వంతు చేతికొచ్చింది. దాన్ని పట్టుకెళ్లి జాక్సన్‌విల్‌కు ఇచ్చేశారు. వాళ్లు ట్రావిస్ హంటర్‌ను ఎగరేసుకుపోయారు. మనవాళ్లు అయిదో వంతుకు దిగి మేసన్ గ్రాహమ్‌ను తీసుకున్నారు. సరే అనుకుందాం. మూడో రౌండులో డిలన్ గేబ్రియెల్, అయిదో రౌండులో షెడూర్ శాండర్స్. ఒకే డ్రాఫ్టులో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు! మొదటివాడి మీద నమ్మకం ఉంటే రెండోవాడు దేనికి? మూడు రాత్రులూ నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మేనకోడలు: వాళ్లింకా మన జెర్సీ వేసుకుని ఒక్క బంతి కూడా విసరలేదు మావయ్యా. అప్పుడే ఇంత దిగులా?

మావయ్య: ఇది వాళ్లను చూసి కలిగిన దిగులు కాదు, వాళ్లకు ముందు వచ్చినవాళ్లను చూసిన దిగులు. ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరు? బంతి ముందుగా చేతికి తీసుకుని, ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చాల్సినవాడు. వాడు కుదరకపోతే మిగతా పదిమందీ ఎంత మంచివాళ్లయినా లాభం లేదు. బాల్టిమోర్‌కు తరలిపోయిన మన టీము 1999లో ఇక్కడ మళ్లీ పుట్టినప్పటి నుంచీ నలభై మంది దాకా ఆ స్థానంలో ఆట మొదలుపెట్టారు. 2007లో బ్రాడీ క్విన్‌ను తెచ్చారు, 22వ వంతులో. 2012లో బ్రాండన్ వీడెన్‌ను తెచ్చారు, అదీ 22వ వంతే. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. 2014లో జానీ మాంజియెల్. మళ్లీ 22! ముగ్గురిలో ఒక్కడు కూడా మూడు సీజన్లకు మించి ఇక్కడ నిలవలేదు. ఇన్ని చూశాక కొత్త పేరు చదువుతుంటే గుండె దడదడలాడదా?

మేనకోడలు: దడ ఎందుకో నాకు తెలుసు. కానీ 22 అనే అంకెకు ఏ మహత్తూ లేదు. ఆ ముగ్గుర్నీ తెచ్చిన అధికారులు వేరు, కోచ్‌లు వేరు, కారణాలు వేరు. ఈ డ్రాఫ్ట్ మీద ఆర్థికవేత్తలు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ పెద్ద పరిశోధన చేశారు. థేలర్‌కు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే స్థానంలో ఆడే కుర్రాళ్లను ఎంపికైన వరసలో నిలబెట్టి, పక్కపక్కనున్న ఇద్దరిలో ముందు ఎంపికైనవాడే మెరుగ్గా ఆడతాడా అని లెక్కగట్టారు. వచ్చింది 52 శాతం. దాదాపు బొమ్మా బొరుసే. టీములు తమ కంటిచూపును తామే అతిగా నమ్మి పై వంతుల కోసం విపరీతంగా ఇచ్చుకుంటాయని వాళ్లు తేల్చారు. ఎంపిక తప్పడం మన ఒక్కరికే పట్టిన పీడ కాదు, ఈ పద్ధతిలోనే ఉన్న అనిశ్చితి.

మావయ్య: అందరూ తప్పుతారు, సరే. అందరూ ఒకేలా తప్పుతారా? 2000 సంవత్సరం తీసుకో. ఆరో రౌండు నడుస్తోంది. మనవాళ్లకు క్వార్టర్‌బ్యాక్ కావాలి. 183వ వంతులో స్పెర్గన్ విన్ పేరు చదివారు. ఆ క్షణంలో టామ్ బ్రాడీ ఇంకా మిగిలే ఉన్నాడు. పదహారు వంతుల తర్వాత, 199లో, న్యూ ఇంగ్లండ్ అతణ్ణి తీసుకుంది. తర్వాత ఏడు సూపర్ బౌల్స్, అంటే లీగు ఫైనల్స్, గెలిచాడు. అసలు క్వార్టర్‌బ్యాకే వద్దనుకుని వదిలేసి ఉంటే ఇంత బాధ ఉండదు. క్వార్టర్‌బ్యాక్ కోసమే వెతుకుతూ, బ్రాడీని పక్కన పెట్టుకుని ఇంకొకణ్ణి తీసుకున్నారు.

మేనకోడలు: ఆ కథలో మీరు చెప్పని సగం నేను చెబుతాను. బ్రాడీకి ముందు ఆ ఏడాది ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఎంపికయ్యారు. విన్ ఆరోవాడు. మిగతా అయిదుగుర్నీ తీసుకున్నవి వేరే టీములు. బ్రాడీ పుట్టి పెరిగిన ప్రాంతపు టీము శాన్‌ఫ్రాన్సిస్కో కూడా మూడో రౌండులో ఇంకొకణ్ణి తీసుకుంది. న్యూ ఇంగ్లండ్ సంగతి చూడండి. అతణ్ణి తీసుకునే ముందు అదే డ్రాఫ్టులో వాళ్లు వేరే ఆరుగురి పేర్లు చదివారు. అతనంత గొప్పవాడని తెలిసుంటే 199 దాకా ఆగేవాళ్లా? బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ విషయమూ అంతే. 2018లో బాల్టిమోర్ 25వ వంతులో హేడెన్ హర్స్ట్‌ను తీసుకుని, ఆ తర్వాతే 32వ వంతులో జాక్సన్‌ను తీసుకుంది. ఈరోజు దూరదృష్టి అని మనం పొగుడుతున్నదాంట్లో ఆరోజు వాళ్లకే అంత నమ్మకం లేదు. మనకు గుర్తుండేది మన చేజారినవాడు ఒక్కడే. వేరే టీములు చేజార్చుకున్నవాళ్లు మన లెక్కలోకి రారు.

మావయ్య: బొమ్మా బొరుసే అయితే పాతికేళ్లలో మనకు ఎన్నోసార్లు బొమ్మ పడాలి కదమ్మా! పక్కూరు పిట్స్‌బర్గ్ చూడు. 2004లో మనకు ఏడో వంతు. డెట్రాయిట్‌కు రెండో రౌండు వంతు కూడా ఇచ్చి ఆరుకు ఎగబాకి కెల్లెన్ విన్స్‌లోను తీసుకున్నాం. బెన్ రాత్లిస్‌బర్గర్ మిగిలిపోయాడు. వాడిది ఒహాయోలోని ఫిండ్లే. కాలేజీలో ఆడిందీ ఒహాయోలోనే. మన రాష్ట్రం కుర్రాడు, మన వాకిట్లో ఉన్నవాడు. 11వ వంతులో పిట్స్‌బర్గ్ తీసుకెళ్లింది. పద్దెనిమిది సీజన్లు ఆడి రెండు సూపర్ బౌల్స్ గెలిచాడు. ఏడాదికి రెండుసార్లు మన ముందుకే వచ్చి మనల్నే ఓడించి వెళ్తుంటే చూస్తూ కూర్చున్నవాళ్లం మేం. దీన్ని నాణెం మీదికి నెట్టేస్తే నేనొప్పుకోను.

మేనకోడలు: పిట్స్‌బర్గ్ పేరు మీరే ఎత్తారు, మంచిదైంది. 1969 నుంచి ఇప్పటిదాకా వాళ్లకు ఎంతమంది హెడ్ కోచ్‌లు?

మావయ్య: ముగ్గురే. నోల్, కౌహర్, టామ్లిన్.

మేనకోడలు: మనకు 1999 నుంచి?

మావయ్య: తాత్కాలికంగా కూర్చున్నవాళ్లను వదిలేస్తే పదిమంది.

మేనకోడలు: నాణెం ఎగరేసినప్పుడు మనకూ వాళ్లకూ తేడా ఏమీ లేదు. కిందపడ్డ నాణేన్ని ఏం చేశారన్న దగ్గరే తేడా అంతా. రాత్లిస్‌బర్గర్ 2004లో ఇక్కడికి వచ్చుంటే ఆ పద్దెనిమిది సీజన్లు ఆడేవాడని గట్టిగా చెప్పగలరా? టిమ్ కౌచ్‌కు ఏం జరిగిందో మీరు కళ్లారా చూశారు. నేను పుస్తకాల్లో చదివాను. మీరే చెప్పండి.

మావయ్య: కౌచ్... 1999లో మొట్టమొదటి వంతు. కెంటకీ నుంచి వచ్చాడు. చెయ్యి మంచిదే, గురి కూడా బాగుండేది. కొత్తగా పుట్టిన టీము, మొదటి ఆటే పిట్స్‌బర్గ్‌తో. 43–0తో ఓడిపోయాం. రెండో ఆట నుంచే కౌచ్ చేతిలో బంతి పెట్టారు. అతణ్ణి కాచుకోవాల్సిన ముందు వరస ఉందే, అఫెన్సివ్ లైన్, అది గోడలా నిలబడాలి. నిలబడలేదు. ఆ ఒక్క సీజన్లోనే అతణ్ణి 56 సార్లు పడగొట్టారు. బంతి పట్టుకుని వెనక్కి రెండడుగులు వేసేసరికి ఇద్దరు మీదపడేవాళ్లు. లేచేవాడు, చేత్తో గడ్డి దులుపుకునేవాడు, మళ్లీ వరసలోకి వచ్చి నిలబడేవాడు. ఆ ఏడాది రెండు ఆటలే గెలిచాం. తర్వాత భుజం పోయింది. 2003తో ఇక్కడ అతని ఆట ముగిసింది.

మేనకోడలు: అదే డ్రాఫ్టులో అతని వెనకే, రెండో వంతులో, ఫిలడెల్ఫియా డానవన్ మెక్‌నాబ్‌ను తీసుకుంది. నవంబరు దాకా అతనితో ఆట మొదలుపెట్టించలేదు. ముందు పక్కన కూర్చోబెట్టి నేర్పింది. అప్పుడే చేరిన కోచ్ ఆండీ రీడ్ 2012 దాకా అక్కడే ఉన్నాడు. మెక్‌నాబ్ వాళ్లను సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. ఇద్దరు కుర్రాళ్లనూ అటూ ఇటూ మార్చి ఊహించుకోండి. అదే రీడ్ తర్వాత కాన్సస్ సిటీకి వెళ్లి, 2017లో పాట్రిక్ మహోమ్స్‌ను పదో వంతులో తీసుకుని ఏం చేశాడు? మొదటి ఏడాది చివరి ఆట ఒక్కటే ఆడనిచ్చాడు. మహోమ్స్ అంతటివాడికే ఏడాది ఓపిక అవసరమైంది. పైరు ఎండిన ప్రతిసారీ విత్తనం మంచిది కాదని విత్తనం మార్చే రైతు, చేను సారం సంగతి ఏనాటికీ చూసుకోడు. మనది ఆ సేద్యం.

మావయ్య: చేను బాగుండాలన్న మాట కాదనను. అయినా విత్తనం ఎంచుకునే చెయ్యి కూడా ముఖ్యమేనని నా కళ్లతో నేను చూశాను. ఎక్కడో తెలుసా? బాల్టిమోర్‌లో. 1995 నవంబరు 6న ఓనర్ ఆర్ట్ మోడెల్ టీమును బాల్టిమోర్‌కు తీసుకెళ్తున్నట్టు ప్రకటించాడు. డిసెంబరులో పాత మునిసిపల్ స్టేడియంలో ఆఖరి ఆటకు వెళ్లాను. సిన్సినాటీ మీద గెలిచాం. గెలిచినా జనం ఏడుస్తున్నారు. కూర్చున్న కుర్చీలనే ఊడబీకి గ్రౌండులోకి విసిరారు. ఆర్నెల్లు తిరక్కుండానే, 1996 ఏప్రిల్‌లో, అదే ఆఫీసు మనుషులు బాల్టిమోర్ పేరు మీద డ్రాఫ్టులో కూర్చున్నారు. నాలుగో వంతులో జొనాథన్ ఆగ్డెన్. 26వ వంతులో రే లూయిస్. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లారు. ఆ 26వ వంతు కూడా క్లీవ్‌లాండ్‌లో ఉండగా శాన్‌ఫ్రాన్సిస్కోతో బేరమాడి సంపాదించిందే. ఎంచుకున్నది ఎవరు? ఆజీ న్యూసమ్. పదమూడు సీజన్లు మన టీములో ఆడిన మనిషి. ఆ ఇద్దరూ మనవాళ్లు కావాల్సింది. 2001 జనవరిలో బాల్టిమోర్ సూపర్ బౌల్ గెలిస్తే, ఆ రాత్రి ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లలో టీవీ మధ్యలోనే ఆపేశారో! ఎంపిక అంతా గుడ్డి అదృష్టమైతే, ఒకే ఒక్క డ్రాఫ్టులో ఇద్దరు మహానుభావుల్ని ఎలా పట్టాడు న్యూసమ్?

మేనకోడలు: న్యూసమ్ కంటికి నేనూ దండం పెడతాను. ఆ తర్వాత కూడా అతణ్ణి 2018 సీజన్ దాకా అదే కుర్చీలో ఉంచారన్నది కూడా మర్చిపోకండి. మంచి ఏళ్లూ చెడ్డ ఏళ్లూ వచ్చాయి, కుర్చీ మాత్రం కదల్లేదు. తన ఎంపిక ఎందుకు తప్పిందో మరుసటి ఏడు సరిదిద్దుకునే అవకాశం అతనికి దొరికింది. ఇక్కడ తప్పుచేసినవాడు నేర్చుకునేలోపే వెళ్లిపోతాడు. కొత్తగా వచ్చినవాడు పాతవాడు తెచ్చిన కుర్రాళ్లను తనవాళ్లనుకోడు. 2012లో ట్రెంట్ రిచర్డ్‌సన్‌ను మూడో వంతులో తెచ్చారు. మరుసటి సెప్టెంబరుకు కొత్త అధికారులు వచ్చి, రెండు ఆటలు కాగానే ఇండియానాపొలిస్‌కు పంపేశారు. మన దగ్గర డ్రాఫ్ట్ కథ ఏదైనా తీసుకోండి, అడుగున ఉన్నది ఈ తొందరే.

మావయ్య: తొందర అన్నావు. మరి లెక్కలవాళ్లు వచ్చాక ఏమైంది? 2016లో బేస్‌బాల్ లెక్కలకు పేరుమోసిన పాల్ డిపొడెస్టాను తెచ్చారు. ఓపిక పట్టండి, వంతులు కూడబెడుతున్నాం అన్నారు. రెండో వంతును ఫిలడెల్ఫియాకు ఇచ్చేశారు. మరుసటి ఏడాది 12వ వంతును హ్యూస్టన్‌కు ఇచ్చేశారు. రెండు సీజన్లు కలిపి ముప్పై రెండు ఆటల్లో ఒక్కటి గెలిచాం. 2017లో పదహారుకు పదహారూ ఓడాం. 2018 జనవరి 6న గడ్డకట్టే చలిలో జనం స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో ఊరేగింపు తీశారు. ఆకలితో ఉన్నవాళ్ల కోసం ఫుడ్ బ్యాంకుకు సామాన్లు కూడా పోగుచేశారు. మీ ఓపిక ఖరీదు అది.

మేనకోడలు: ఆ ఓపిక వల్ల ఏం వచ్చిందో కూడా చూడండి. 2017లో మొదటి వంతులో మైల్స్ గారెట్. 2018లో మొదటి వంతులో క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్. హ్యూస్టన్‌తో బేరంలో దక్కిన నాలుగో వంతులో డెంజెల్ వార్డ్. రెండో రౌండులో నిక్ చబ్. 2021 జనవరిలో పిట్స్‌బర్గ్ గడ్డ మీద 48–37. ఇరవై ఆరేళ్ల తర్వాత మన మొదటి ప్లేఆఫ్ గెలుపు. ఆ రాత్రి మీరు నాకు ఫోన్ చేసి మాట రాక ఊరుకుండిపోయారు.

మావయ్య: అవును. మరి ఆ మేఫీల్డ్‌నే ఏడాదిన్నర తిరక్కుండా పంపేశారు.

మేనకోడలు: మొదటి మూడు సీజన్లలో అతనికి నలుగురు కోచ్‌లు. నాలుగో సీజన్లో ఎడమ భుజం దెబ్బతిన్నా కట్టు కట్టుకుని ఆడాడు. ఆట తగ్గింది. వెంటనే, ఇతనూ ఆ పాత జాబితాలోవాడే అనేశారు. అదే మనిషి టాంపాలో కుదురుకున్నాక 2024 సీజన్లో 41 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. ఇప్పుడు నా అసలు మాట వినండి మావయ్యా. ఆ భయం జాబితా వల్లే 2022 మార్చి వచ్చింది. ఇక డ్రాఫ్టులో క్వార్టర్‌బ్యాక్‌ను వెతికే ధైర్యం లేక, పేరున్నవాణ్ణి కొనేద్దామనుకున్నారు. డెషాన్ వాట్సన్ కోసం మూడేళ్ల మొదటి రౌండు వంతులు హ్యూస్టన్‌కు ధారపోశారు. 23 కోట్ల డాలర్లు పూర్తి గ్యారంటీతో రాసిచ్చారు. డ్రాఫ్ట్ చరిత్ర మీద భయం కాకపోతే ఏ టీమైనా ఆ పని చేస్తుందా?

మావయ్య: ఆ బేరం సంగతి నాకు డబ్బు గురించి బాధ కాదు. ఇరవైకి పైగా మహిళలు లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలతో అతని మీద దావాలు వేసి ఉన్నారు. అతను కాదన్నాడు, గ్రాండ్ జ్యూరీలు నేరం మోపలేదు. అయినా లీగే విచారించి 11 ఆటలు నిషేధించింది. అలాంటివాణ్ణి నెత్తిన పెట్టుకుంటే ఆడపిల్లలున్న ఇళ్లలో ఆదివారం టీవీ ముందు ఏ ముఖంతో కూర్చుంటాం? మీ అత్తయ్య ఆ ఏడాది ఆటలు చూడటం మానేసింది. మూడు సీజన్లలో అతను ఆడింది పందొమ్మిది ఆటలు. మనం ఇచ్చిన వంతులతో హ్యూస్టన్ బాగుపడింది. 2023 డ్రాఫ్టులో మన 12వ వంతును కూడా కలిపి అరిజోనాకు ఇచ్చి, మూడో వంతుకు ఎగబాకి విల్ ఆండర్సన్‌ను తీసుకున్నారు. 2024 జనవరిలో ప్లేఆఫ్స్‌లో 45–14తో మనల్నే ఇంటికి పంపారు. ఇక్కడ నీతో ఏకీభవిస్తాను. అది భయం చేసిన పనే. కానీ ఆ భయం ఓనర్‌ది. నాది కాదు.

మేనకోడలు: ఓనర్‌కు ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది? స్టేడియం నుంచే కదా. ఒక అభిమాని జెర్సీ గుర్తుందా? కౌచ్ పేరున్న 2వ నంబరు జెర్సీ. క్వార్టర్‌బ్యాక్ మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి, కింద టేపు మీద కొత్త పేరు. డిట్మర్, పెడర్సన్, విన్, హోల్కాంబ్, గార్సియా... చివరికి నడుం దాకా పేర్లే. దేశమంతా టీవీల్లో చూపించారు. కొత్తగా వచ్చే ఇరవై రెండేళ్ల కుర్రాడు ఊళ్లో అడుగుపెట్టగానే చూసేది ఆ జెర్సీనే. తన పేరు ఎక్కడ అతికిస్తారో అతనికి ముందే తెలుసు. 2002లో బాల్టిమోర్‌తో ఆటలో కౌచ్ దెబ్బతిని బయటికి నడుస్తుంటే మనవాళ్లే చప్పట్లు కొట్టారు. ఆట తర్వాత అందరి ముందూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. అతణ్ణి 56 సార్లు పడగొట్టింది ప్రత్యర్థులు. ఆ చప్పట్లు మాత్రం సొంతవాళ్లవి. ముందు వరసను కట్టనివాళ్ల మీద కోపం తీసుకొచ్చి కుర్రాడి మీద చూపించాం. అత్త మీద కోపం దుత్త మీద.

మావయ్య: ఆ చప్పట్లు తప్పు. చాలా తప్పు. ఆరోజు ఊరంతా కొట్టలేదు గానీ, ఊరందరికీ అంటుకున్న తప్పు అది. జెర్సీ మాటకొస్తే నేను ఒప్పుకోను. నువ్వు దాన్ని వెక్కిరింత అనుకుంటున్నావు. నాకది రికార్డు. 1996 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరినప్పుడు లీగును మేం ఏం అడిగామో తెలుసా? మోడెల్ ఆటగాళ్లను తీసుకెళ్తే తీసుకెళ్లనీ. పేరు మాది, రంగులు మావి, చరిత్ర మాది అన్నాం. కోర్టుకెళ్లి, సంతకాలు పెట్టి, ఈ ఊరు ఆ చరిత్రను దక్కించుకుంది. 1957లో ఆరో వంతులో వచ్చిన జిమ్ బ్రౌన్ మాది. 1964 ఛాంపియన్‌షిప్ మాది. చరిత్ర మాదే అని పోరాడి తెచ్చుకున్నాక, బాగున్న పేజీలు ఉంచుకుని మిగతావి చింపేస్తామంటే ఎలా? జనరల్ మేనేజర్ వస్తాడు, పోతాడు. కోచ్ వస్తాడు, పోతాడు. ఓనర్లే మారారు. పాతికేళ్లుగా అదే సీట్లో కూర్చున్నవాడు అభిమాని ఒక్కడే. వాడు కూడా మర్చిపోతే ఇక ఎవరికి గుర్తుంటుంది?

మేనకోడలు: మర్చిపోమని నేను అనలేదు మావయ్యా. ఈ మాట దగ్గర మీరే గెలిచారు. ఆ గుర్తు మనకు ఉండాల్సిందే. నా తగవు దేని గురించంటే, మనం గుర్తుపెట్టుకున్నది సగమే. జెర్సీ మీద పేర్లు ఉన్నాయి. ఆ పేర్లకు ఏం జరిగిందో లేదు. కౌచ్ పక్కన 56 అని లేదు. మేఫీల్డ్ పక్కన నలుగురు కోచ్‌లని లేదు. అవి కూడా రాసుంటే దేశమంతా నవ్వేది కుర్రాళ్లను చూసి కాదు. ఓనర్ల కుర్చీల వైపు చూసేది.

మావయ్య: మంచి మాట. మరి జో థామస్ పక్కన ఏం రాస్తావు?

మేనకోడలు: 10,363 అని రాస్తాను. ముందు వరసలో ఆడినవాడు. 2007లో మూడో వంతు. డ్రాఫ్ట్ రోజున నాన్నతో కలిసి మిషిగన్ సరస్సులో చేపలు పడుతున్నాడు. వచ్చినప్పటి నుంచి 2017లో చెయ్యి దెబ్బతినేదాకా ఒక్క ఎత్తు కూడా మానకుండా, వరసగా 10,363 ఎత్తులు ఆడాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. ప్లేఆఫ్ ఆట ఒక్కటీ ఆడలేదు. మన డ్రాఫ్ట్ చరిత్ర అంతా చెడ్డదే అన్నవాళ్లకు జవాబు అతను. ఎంపిక మంచిదైతే చాలు అన్నవాళ్లకు కూడా జవాబు అతనే.

మావయ్య: (కొంచెం ఆగి) థామస్ పేరుతో నా నోరు మూయించావు. సరే, ఈ ఇద్దరు పిల్లల సంగతికి రా. గేబ్రియెల్, శాండర్స్. నన్ను భయపడొద్దంటావు. ఏం చెయ్యమంటావు?

మేనకోడలు: భయపడండి. కాకపోతే ఏప్రిల్‌లో కాదు, సెప్టెంబరు నుంచి. వాళ్లు సరైనవాళ్లా కాదా అన్నది ఇప్పుడు మీకూ తెలియదు, నాకూ తెలియదు, వాళ్ల పేర్లు చదివినవాళ్లకూ తెలియదు. సీజన్ మొదలయ్యాక మాత్రం మనం కళ్లతో చూడగలిగినవి మూడున్నాయి. వాళ్ల ముందు నిలబడే వరస గట్టిదా? తొందరపడి దించేశారా, నేర్చుకోనిచ్చారా? రెండో ఏడాది కూడా అదే కోచ్, అదే ఆట పాఠం ఉంటుందా? ఈ మూడింటిలో ఏది తప్పినా అప్పుడు గట్టిగా అరవండి, నేనూ గొంతు కలుపుతాను. కుర్రాడు రెండు బంతులు తప్పు విసిరాడని మాత్రం అరవొద్దు.

మావయ్య: నేను నాలుగోది కలుపుతాను. ఓనర్ మళ్లీ అడ్డదారి వెతుకుతున్నాడా? డ్రాఫ్ట్ మీద భయంతో ఇంకో వాట్సన్ బేరానికి చెయ్యి చాస్తున్నాడా? జాక్సన్‌విల్ ఇచ్చిన 2026 మొదటి రౌండు వంతు మన చేతిలో ఉంది. దాన్ని ఏం చేస్తారో కూడా చూడాలి.

మేనకోడలు: చూడాలి. అది నా మూడింటికంటే పెద్ద ప్రశ్న.

మావయ్య: అయినా ఒక్క మాట అమ్మాయ్. రాత్లిస్‌బర్గర్ విషయంలో నేను నీతో ఏకీభవించను. ఎంచుకునే చెయ్యి ముఖ్యమే. న్యూసమ్‌కు ఉన్న చూపు అందరికీ ఉండదు. వచ్చే ఏప్రిల్‌లోనూ నాకు నిద్ర పట్టదు.

మేనకోడలు: పట్టకపోతే నాకు ఫోన్ చెయ్యండి, ఇద్దరం కలిసే మేలుకుందాం. నేను అడిగేది ఒక్కటే. ఈసారి పేరు చదవగానే పాత జాబితా తియ్యొద్దు. కొత్త కాయితం తీసి ఆ పేరు పైన రాయండి. కింద అతణ్ణి ఎన్నిసార్లు పడగొట్టారో, ఎంతమంది కోచ్‌లను మార్చారో, ఎన్ని ఆటలు ఓపిక పట్టారో రాస్తూ రండి. మూడేళ్ల తర్వాత అతను ఓడిపోతే, ఎవరు ఓడించారో ఆ కాయితమే చెబుతుంది.

మావయ్య: రాస్తాను. ఇంత బాధపడి దక్కించుకున్న చరిత్రను సగం సగం రాసుకుంటే ఎలా? పేరు ఒక్కటే రాసిపెడితే కుర్రాడికి అన్యాయం. ఏం జరిగిందో రాయకపోతే ఊరికి అన్యాయం. రెండూ రాస్తాను.